నా పేరు మీద మందులు

గౌడవెల్లి,
ఆదివారం, మధ్యాహ్నం.

నయన వాళ్ళ బాపుకు,

రోజారాణి నమస్కరించి రాయునది. మీరక్కడ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయాలి. ఆ మాట రాయకపోతే ఉత్తరం మొదలు కాదు కదా, అందుకే రాశాను. అందులో ఎంత నిజముందో ఇదంతా చదివాక మీకే తెలుస్తుంది. డ్యూటీకి పోయే తొందరలో కాకుండా సెలవు రోజున కూర్చుని చదవండి.

మస్కట్ నుంచి సత్తయ్య సెలవు మీద రాగానే మీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. రోజూ వీడియో కాల్‌లో మాట్లాడే మనిషి కాగితం మీద రాసి పంపాడంటేనే నాకు సగం అర్థమైంది. గదిలో ఏడుగురి ముందు అడగలేని మాట ఏదో ఇందులో ఉందని కవరు విప్పకముందే అనుకున్నాను. ఇక్కడ నా సంగతీ అంతే. నేను ఫోను పట్టుకుంటే అత్తమ్మ వచ్చి పక్కనే కూర్చుంటుంది. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. దీన్ని సత్తయ్య చేతికి మాత్రం ఇవ్వను. అతను మళ్ళీ మస్కట్ విమానం ఎక్కేలోపు ఊరంతా దీన్ని చదివేస్తుంది. మేడ్చల్ పోస్టాఫీసుకు నేనే పోయి వేసి వస్తాను.

ముందు మీరడిగిన చిన్న సంగతులు. మామ మోకాలు కొంచెం నయం. నూనె రాయించుకుంటూ "ఈసారి బోనాలకు నేనే ముందట నడుస్త" అని బడాయి పోతున్నాడు కానీ, మెట్టు దిగాలంటే ఇప్పటికీ గోడ పట్టుకోవలసిందే. వానలు బాగానే పడ్డాయి. మన చెలక పక్కన గాలయ్య భూమిలో కూడా ప్లాట్ల రాళ్ళు పాతేశారు. పాపం ఆయన ఇప్పుడు శామీర్‌పేట చెరువు కట్ట మీద మక్క కంకులు కాల్చి అమ్ముకుంటున్నాడు. నయన వీడియోలో నవ్వడం లేదేమని అడిగారు. అలక కాదు, దానికి ముందు పన్ను ఊడింది. "బాపు వచ్చిందాక గీ తొర్రి నోరు జూపియ్య" అని మూతి బిగించుకుని తిరుగుతోంది. మీరు పంపిన ఖర్జూరాలు అందాయి. సగం మామే తిన్నాడు.

ఇక అసలు ప్రశ్న. "నువ్వు శామీర్‌పేటల పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతున్నవంట, గోలీలు మింగుతున్నవంట. నిజమైతే నాకెందుకు జెప్పలే? నయనను అమ్మ దగ్గర పండుకోబెట్టు, నీ పక్కల వద్దు" అని రాశారు. చదివాక నాకు మొదట కోపమే వచ్చింది. నాకు జ్వరమని ఎవరైనా చెప్పి ఉంటే ఎట్లున్నవు అని అడిగేవారు. పిచ్చి అనగానే పాపను దూరం జరపమన్నారు. మీరు చెడ్డవారని నేననడం లేదు. ఆ మాట చెవిన పడితే ఎవరైనా ముందు చేసే పని అదే. ఇక్కడ చాలామంది చేశారు, మీరు అంత దూరం నుంచి చేశారు. అయినా మీరు చేస్తే నాకు ఎక్కువ నొప్పి కలిగింది. నయన నా పక్కనే పడుకుంటోంది, ఇకముందు కూడా అంతే.

స్కూలు బస్సులో ఆయమ్మ పని ఎందుకు మానేశానో కూడా అడిగారు. బస్సు రూటు మారిందని అప్పుడు మీకు అబద్ధం చెప్పాను. నేను క్లినిక్ మెట్లు దిగుతుంటే మా బస్సెక్కే ఒక పాప తల్లి చూసింది. మరునాటి నుంచి ఆమె పాపను నా చేతికి ఇవ్వలేదు, తనే లోపలికి ఎక్కించి దిగేది. తర్వాత ఇంకో ఇద్దరు తల్లులు అలాగే మొదలుపెట్టారు. చివరికి బస్సుల ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, "నువ్వు మంచిదానివే రోజా, నాకు తెల్వదా? గని పిల్లల ముచ్చట. రేపు ఏమన్నైతే నన్నడుగుతరు. జర అర్థం జేసుకో" అన్నాడు. ఇన్నేళ్ళు వాళ్ళ పిల్లలు బస్సులో వాంతి చేసుకుంటే మూతి తుడిచింది నేనే. ఆయనతో ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశాను. ఎందుకు అనలేదో ఇప్పుడు చెబుతాను.

క్లినిక్‌కు పోయింది నేనే. చీటీ మీద ఉన్నది నా పేరే. కానీ ఆ గోలీల్లో ఒక్కటి కూడా నేను మింగలేదు. ఆ మందులు సుచిత్రవి.

అవును, మీ చెల్లెలు సుచిత్రవి. మేడ్చల్ అవతల మందుల కంపెనీకి బండి మీద పోయి, ప్యాకింగ్ పని చేసి, సాయంత్రం నయనకు చాక్లెట్ తెచ్చే మీ చెల్లెలివే. పని మానేసి ఇంట్లో ఉంటోందని మీకు తెలుసు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి మాన్పించామని అత్తమ్మ మీకు చెప్పింది. అది నిజం కాదు. ఆ పిల్ల లేవలేక మానేసింది. మొదట బద్ధకమన్నాం, తర్వాత రక్తం తక్కువేమో అన్నాం. తల దువ్వుకునేది కాదు, గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం ముందు పెడితే ఆ గిన్నెనే చూస్తూ కూర్చునేది. ఏమైంది బిడ్డా అంటే ఏం లేదనేది. అత్తమ్మ కీసర వైపు ఎవరో ఉన్నారని తీసుకుపోయి నిమ్మకాయలు తిప్పించింది, చేతికి దారం కట్టించింది. చివరికి ఊళ్ళో సూది మందులిచ్చే నర్సు అశ్రిత చూసి, "గిది దిష్టి గాదు దుర్గమ్మత్తా. మనసుకొచ్చిన రోగం. డాక్టర్‌కు జూపిస్తే తక్కువైతది" అని గట్టిగా చెప్పింది.

సరిగ్గా అప్పుడే కీసర సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు వీరేందర్, మీరు ఫోటోలో చూశారు కదా. అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. "రోజా, నువ్వు పోయి నీకే బాగలేదని చెప్పి రాయించుకరా. నీకేమైతది? పెండ్లయినదానివి, పిల్ల ఉన్నది. గా పిల్ల పేరు ఒక్కసారి గా చీటీకి ఎక్కిందంటే ఇగ పెండ్లి ముచ్చట మర్చిపోవాలె. నీ కాల్మొక్కుత" అంది. మేడ్చల్‌లో అయితే చుట్టాలు కనిపిస్తారని శామీర్‌పేట క్లినిక్ కూడా ఆమే చెప్పింది.

నేను ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఒకరి పేరు మీది గ్యాస్ బండ ఇంకొకరు తెచ్చుకుని వాడుకోవడం లేదా, ఇదీ అంతే అనుకున్నాను. ఇంటి ఆడపిల్ల కోసం చేస్తున్నానని లోపల కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

పోయే ముందు రోజు సుచిత్ర పక్కన కూర్చుని అడిగేదాన్ని. "ఛాతి మీద బండ పెట్టినట్టున్నది వదినె. అన్నం మట్టి లెక్కుంటది. ఎవరన్న మాట్లాడుతుంటే దూరంకెల్లి ఇనపడ్తది" అని ఆమె చెప్పేది. నేను బస్సులో అవే మాటలు మననం చేసుకుంటూ పోయి డాక్టరు ముందు అప్పజెప్పేదాన్ని. డాక్టరు పేరు శ్రీదివ్య. కోస్తా వైపు మనిషి, దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటుందట. ఓపికగా వింటుంది. "గట్ల నీటుగ తయారై పోతే డాక్టరమ్మ నమ్ముతదా? పూలు పెట్టుకోకు, మొఖానికి ఏం రాయకు" అని అత్తమ్మ ముందే చెప్పి పంపేది. మీరు నవ్వుకుంటారేమో. నాకూ ఆ రోజుల్లో నవ్వే వచ్చింది.

మొదట మందులు పనిచేశాయి. సుచిత్ర లేచి తల స్నానం చేసింది, నయనకు జడ వేసింది. ఒక రోజు వాకిట్లో ముగ్గు కూడా పెట్టింది. అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. గండం గడిచిందనుకున్నాం.

ఆ తర్వాత కీసర వాళ్ళు పిల్లను చూడడానికి వచ్చారు. నా బస్సు సంగతి అప్పటికే వాళ్ళ దాకా పోయినట్టుంది. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగానే అబ్బాయి మేనత్త అడిగేసింది, "మీ కోడలికి మతి మంచిగ లేదంట గదా?" అని. అత్తమ్మ తడుముకోలేదు. "గది బయటికెల్లి వచ్చిన పిల్ల. మా రక్తం గాదు. మా బిడ్డకు గసొంటిదేం లేదు" అంది. అందరూ ఒకసారి నా వైపు చూశారు. ఆ మేనత్త మాత్రం నా చేతి చాయ్ తీసుకోలేదు. సుచిత్ర పట్టుచీరలో తల వంచుకుని ఏడుస్తోంది. వాళ్ళు అది చూసి పిల్లకు సిగ్గెక్కువని మెచ్చుకున్నారు. సంబంధం ఖాయమైంది.

ఆ రోజు నుంచి సుచిత్ర నాకేమీ చెప్పడం మానేసింది. ఎలా ఉందని అడిగితే "మంచిగున్న వదినె" అనేది. ఇంకా గుచ్చి అడిగితే "నా పీడ నీకు తగిలించిన గదా, ఇంకేం జెప్పాలె" అని ముఖం తిప్పుకునేది. నా పని పోవడం, ఆ చాయ్ కప్పు, అన్నీ తన వల్లేనని లోపల పెట్టుకుని కుమిలిపోయింది. నాకది తెలియలేదు. మంచిగున్న అన్నదాన్నే డాక్టరుకు చెప్పాను. డాక్టరు నన్ను చూసింది. తిండి తింటున్న మనిషిని, నిద్రపోతున్న మనిషిని. "చాలా మెరుగయ్యారు రోజారాణి గారూ, మీ ముఖమే చెబుతోంది" అని నవ్వి గోలీలు తగ్గించింది. నాకెంత సంతోషం వేసిందో! వస్తూ వస్తూ మిర్చి బజ్జీలు కూడా కొనుక్కొచ్చాను.

నేను పోయిన ప్రతిసారీ డాక్టరు ఒక మాట అడిగేది. "బతకాలనిపించడం లేదా? చచ్చిపోతే బాగుండుననిపిస్తుందా?" అని. లేదు మేడం అని నేను వెంటనే చెప్పేదాన్ని. నా మటుకు అది నిజమే కదా. ఒకసారి ఇంటికొచ్చి, డాక్టరమ్మ ఇట్లా అడుగుతోంది, సుచిత్రను అడుగుదామా అని అత్తమ్మతో అన్నాను. ఆమె గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గా మాట దాని ముందట తియ్యకు. లేని బుద్ధి పుట్టిస్తవా?" అంది. నాకూ భయమేసింది. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని భయం. సుచిత్ర చెప్పిన ప్రతి నొప్పినీ మోసుకుపోయి డాక్టరుకు చెప్పాను కానీ, డాక్టరు అడిగిన ఆ ఒక్క మాట మాత్రం తెచ్చి సుచిత్రకు ఇవ్వలేదు.

ఇప్పుడు రాయబోయేది మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవద్దని అత్తమ్మ నాతో నయన మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పుతున్నాను.

లగ్గం ముహూర్తం పెట్టించిన మరునాడు సుచిత్ర జాకెట్టు కుట్టడానికి ఇచ్చి వస్తానని మేడ్చల్‌కు బయలుదేరింది. మధ్యాహ్నం దాటినా రాలేదు. బండీ, ఫోనూ ఇంట్లోనే పెట్టి పోయింది. సాయంత్రం అవుతుండగా గాలయ్య మామకు ఫోను చేశాడు. "సిద్దిరాములన్నా, నీ బిడ్డ పొద్దటి సంది గీ కట్ట మీదనే ఉన్నది. వాన పడ్తాంది, లే బిడ్డా అంటే లేస్తలేదు. నీళ్ళ దిక్కే జూస్తాంది. నేను పక్కకే కూసున్న, కదల. మీరు జల్దీ రాండ్రి" అన్నాడు. నేను సుచిత్ర బండే తీసుకుని పోయాను. ఎలా నడిపానో గుర్తు లేదు. పొయ్యి వానకు ఆరిపోయింది, కంకులు తడిసిపోతున్నాయి, గాలయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె నన్ను చూసి, "ఎందుకొచ్చినవ్ వదినె? నయన స్కూల్‌కెల్లి వచ్చే యాళ్ళైంది గదా" అంది. అంతకుమించి ఇంకొక్క మాట లేదు. గాలయ్యకు మనం మొక్కాలి.

అత్తమ్మ ఆ సాయంత్రమే ఇరుగుపొరుగుకు, పిల్ల దోస్తులతో చెరువు చూడబోయి తడిసిందని చెప్పింది. ఎవరూ అడగకముందే ఇంటింటికీ పోయి చెప్పింది.

మరునాడు జాకెట్టు కొలతలని అబద్ధం చెప్పి సుచిత్రను శామీర్‌పేట తీసుకుపోయాను. కౌంటర్ దగ్గర అమ్మాయి పేరేందమ్మా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సుచిత్ర "రోజారాణి" అంది. అబద్ధం చెబుతున్నానన్న జంకు ఆమె గొంతులో లేదు. ఆ రోగం నాదేనని ఆమె కూడా నమ్మేలా చేశాం మనం. "కాదు, సుచిత్ర. సిద్దిరాములు బిడ్డ సుచిత్ర" అని నేను గట్టిగా అన్నాను. అక్కడ కూర్చున్న వాళ్ళంతా తిరిగి చూశారు, చూడనీ అనుకున్నాను.

డాక్టరుకు మొత్తం చెప్పాను. ఆమె పాత చీటీలన్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేసింది. తర్వాత, "మీ ముఖం చూసి ఆమె మందు తగ్గించాను. మీరేం చేశారో తెలుస్తోందా?" అంది. నన్ను తిట్టినా బాగుండేది. ఆమె కళ్ళలో భయం చూశాను. ఆ తర్వాత కుర్చీ సుచిత్రకు దగ్గరగా జరుపుకుని, నన్ను ఇన్నిసార్లు అడిగిన ఆ మాటే ఆమెను అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తుందా అమ్మా?"

"అనిపిస్తది మేడం" అంది సుచిత్ర.

"ఎప్పటి నుంచి?"

"మందులు షురూ గాకముందు సంది."

"మరి ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"ఎవ్వరడగలే మేడం" అంది. నా మీద నిష్ఠూరంగా కూడా అనలేదు. నా కొంగు చివర పట్టుకునే ఆ మాట చెప్పింది.

ఇప్పుడు చీటీ మీద ఆమె పేరుంది, కొత్త మందులున్నాయి. ఒంటరిగా వదలవద్దని, వారం వారం తీసుకురమ్మని, తేడాగా అనిపిస్తే ఏ వేళైనా తెచ్చి ఆసుపత్రిలో చేర్చమని డాక్టరు చెప్పింది. నయం కాని రోగం కాదు, కానీ రోగిని నాకు చూపిస్తేనే నయమవుతుందని కూడా చెప్పింది. నేను ఆమెను కనిపెట్టుకునే ఉన్నాను. స్నానానికి పోతే తలుపు బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతుంటాను, ఆమె ఊ కొడుతుంటే నాకు ఊపిరి ఆడుతుంది.

అత్తమ్మకు తెలిసిపోయింది. నాతో మాటలు లేవు. ఆమెను తిట్టుకుందామంటే నాకు మనసు రాదు. పొద్దున్నే లేచి చూస్తే సుచిత్ర కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు నిమురుతూ ఉంటుంది. అయినా నిన్న మామతో, "లగ్గమయ్యేదాక గా చీటీ రోజా పేరు మీదనే ఉండనియ్యమని డాక్టరమ్మకు జెప్పుండ్రి" అంది. మామ లేచి చెలక వైపు వెళ్ళిపోయాడు. రేపు కీసరలో, ఆ మేనత్త ఉన్న ఇంట్లో, ఈ పిల్ల ఎవరి పేరు మీద మందు మింగుతుంది? దాచుకుని మింగుతుందా, మానేస్తుందా? మానేస్తే ఏమవుతుందో నేను చెరువు కట్ట మీద చూసి వచ్చాను. అందుకే ఈ లగ్గం ఇప్పుడు వద్దంటున్నాను. వీరేందర్ వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పి ఆగమందాం. ఆగితే ఆగుతారు, పోతే పోతారు. నా మాట ఈ ఇంట్లో చెల్లదు. నేను చెబితే పిచ్చిది ఏదో అంటోందని కొట్టిపారేస్తారు, ఆ పేరు నాకు ఎలాగూ ఉంది. మీరు చెబితే మామ వింటాడు.

అయితే మామకు చేసే ముందు ఒక పని చేయండి. ఈ ఉత్తరం చదివిన రోజే ఫోను చేయండి. అత్తమ్మకు కాదు, నాకూ కాదు, సుచిత్రకు చేయండి. పెళ్ళి చీరల గురించి మాట్లాడకండి, ధైర్యంగా ఉండమని కూడా చెప్పకండి. డాక్టరు అడిగిన మాటే మీ నోటితో అడగండి. గదిలో ఏడుగురూ వింటున్నా అడగండి. ఆమె వెంటనే చెప్పదు, చాలాసేపు ఊరకుంటుంది. చెప్పినా అది అన్నగా మీరు వినగలిగే మాట కాదు. ఏం చెప్పినా సరే, ఫోను మాత్రం పెట్టెయ్యకండి.

ఇట్లు,
మీ సుచిత్రకు వదిన, నయనకు అమ్మ,
రోజారాణి